సీహెచ్‌సీలో చేరాలా? ఖాళీల జాబితాలో కనిపించని లెక్కలు

స్పెషలిస్టు పోస్టుల కౌన్సెలింగ్ రోజున తెర మీద ఖాళీల జాబితా వేస్తారు. ఇచ్ఛాపురం, కవిటి, బారువ, పాతపట్నం, రణస్థలం, బాడంగి, చీపురుపల్లి అంటూ ఊళ్ల పేర్లు, పక్కన విభాగం, ఆ పక్కన ఒక అంకె ఉంటాయి. మన మెరిట్ నంబరు పిలిచాక నిర్ణయానికి దొరికేది కొద్ది నిమిషాలే. ఆ కాస్త వ్యవధిలో మనసులో మెదిలే ప్రశ్నలు సాధారణంగా మూడే: ఇంటికి ఎంత దూరం, విశాఖకు ఎంత దూరం, రైలు ఆగుతుందా లేదా. నేనూ అలాగే ఎంచుకున్నాను. స్త్రీ వైద్య నిపుణురాలిగా శ్రీకాకుళం జిల్లాలోని ఒక సామాజిక ఆరోగ్య కేంద్రంలో (సీహెచ్‌సీ) చేరి, ఏళ్ల తరబడి పనిచేశాక నాకు అర్థమైనదేమిటంటే, ఆ జాబితాలో నేను చూడవలసిన అంకె నా విభాగం పక్కన లేదు, మత్తు వైద్యుల వరసలో ఉంది.

ఇప్పుడు పీజీ ముగించి వచ్చే పిల్లలు నన్ను అడిగేటప్పుడు ప్రశ్నను వేరే రకంగా పెడతారు. "మేడం, అంత సేవాభావం నాకుందంటారా?" అంటారు. ఈ ప్రశ్న వినడానికి గొప్పగా ఉంటుంది గానీ నిర్ణయానికి పనికిరాదు. సేవాభావం మెండుగా ఉన్నవారు ఆరు నెలల్లో రాజీనామా ఇచ్చి వెళ్లడం చూశాను. జీతం కోసమే వచ్చానని బాహాటంగా చెప్పుకున్న ఒక పిల్లల డాక్టరు ఎనిమిదేళ్లు అదే కుర్చీలో కూర్చుని, ఆ మండలంలో సగం మంది పిల్లల పేర్లు నోటికి చెప్పగలిగేవారు. ఇద్దరి మధ్య తేడా మనసులో కంటే చుట్టూ ఉన్న ఏర్పాట్లలో ఎక్కువగా ఉంది. కాబట్టి ముందు ఆ ఏర్పాట్ల సంగతి చూద్దాం.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, సామాజిక ఆరోగ్య కేంద్రం, ఏరియా ఆసుపత్రి, ఇవన్నీ ఊరి జనానికి ఒకటే, గవర్నమెంటాసుపత్రి. ఉద్యోగంలో చేరేవారికి మాత్రం ఈ తేడా తెలియాలి. జాతీయ ప్రమాణాల ప్రకారం పీహెచ్‌సీ మైదాన ప్రాంతంలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒకటి ఉండాలి. సీహెచ్‌సీ మైదానంలో 1,20,000 మందికి, కొండ ప్రాంతంలో 80,000 మందికి ఒకటి, 30 పడకలతో ఉండాలి. పీహెచ్‌సీ ఎంబీబీఎస్ వైద్యుడితో నడుస్తుంది, టీకాలు, గర్భిణుల నమోదు, ఊళ్లలో వ్యాధుల నిఘా దాని ప్రధాన పనులు. సీహెచ్‌సీ స్పెషలిస్టుల చోటు. పీహెచ్‌సీలో తేలని కేసు మొదట వచ్చి ఆగవలసిన గడప అది. మన రాష్ట్రంలో పీహెచ్‌సీలు ప్రజారోగ్య డైరెక్టరేట్ కింద, బోధనాసుపత్రులు వైద్య విద్యా డైరెక్టరేట్ కింద ఉంటాయి. సీహెచ్‌సీలు, ఏరియా ఆసుపత్రులు, జిల్లా ఆసుపత్రులు దీర్ఘకాలం వైద్య విధాన పరిషత్ కింద ఉండి, ఇప్పుడు సెకండరీ హెల్త్ డైరెక్టరేట్ కిందికి వచ్చాయి. బదిలీలు, పదోన్నతులు, సీనియారిటీ అన్నీ ఏ డైరెక్టరేట్ అన్నదాని మీదే ఆధారపడతాయి. చేరాక మారడం తేలిక కాదు.

2022లో సవరించిన జాతీయ ప్రమాణాలు సీహెచ్‌సీలను రెండు రకాలుగా విడదీశాయి: ఫస్ట్ రిఫరల్ యూనిట్‌గా పనిచేసేవి, చేయనివి. నా దృష్టిలో ఈ వ్యాసం మొత్తానికి ఇరుసు ఈ విభజనే. ఒక ఆసుపత్రిని ఫస్ట్ రిఫరల్ యూనిట్ అనాలంటే మూడు సదుపాయాలు 24 గంటలూ ఉండాలి: సిజేరియన్‌తో సహా అత్యవసర కాన్పు సేవలు, నవజాత శిశువుల సంరక్షణ, రక్తం నిల్వ. ఈ మూడింటిలో ఏ ఒక్కటి రాత్రి పూట లేకపోయినా, బోర్డు మీద ఏం రాసి ఉన్నా, ఆ ఆసుపత్రి రాత్రి ఎనిమిది తర్వాత పెద్ద పీహెచ్‌సీయే.

కేంద్ర ఆరోగ్య శాఖ 2021–22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సీహెచ్‌సీలకు సర్జను, ఫిజీషియను, గైనకాలజిస్టు, పిల్లల వైద్యుడు అనే నాలుగు విభాగాల్లో కలిపి 21,920 మంది స్పెషలిస్టులు కావాలి. ఉన్నవారు 4,485. అంటే కొరత దాదాపు 80 శాతం. ఈ అంకెను చూసి "వైద్యులు పల్లెలకు పోవడం లేదు" అని తేల్చేయడం పత్రికలకు అలవాటైంది. దాన్ని ఆసుపత్రి లోపలి నుంచి చదివితే మరోలా కనిపిస్తుంది. నలుగురు ఉండవలసిన చోట సగటున ఒక్కరు కూడా లేరు. ఆ ఒక్కరు ఉన్నచోట కూడా, పక్కన ముగ్గురు లేని కారణంగా, ఆయన చదివిన చదువులో పావు వంతు కూడా బయటికి రాదు. మత్తు వైద్యుడి పేరు ఈ నాలుగింటి లెక్కలో లేకపోవడం మరీ విడ్డూరం. ఆయన లేకపోతే సర్జను చేతులు, గైనకాలజిస్టు చేతులు రెండూ కట్టేసినట్టే. సీహెచ్‌సీలో స్పెషలిస్టుల లెక్క కూడిక కాదు, గుణకారం. ఒకచోట సున్నా పడితే మొత్తం సున్నా.

అందుకే చేరాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు విభాగాన్ని బట్టి మారుతుంది. జనరల్ మెడిసిన్ చదివినవారికి సీహెచ్‌సీలో సరిపడా పని దొరుకుతుంది. బీపీ, షుగరు, ఆస్తమా, క్షయ, జ్వరాలు, పక్షవాతం తర్వాతి సంరక్షణ, వీటికి ఒక ఈసీజీ యంత్రం, నమ్మదగిన ల్యాబు, మందుల సరఫరా ఉంటే చాలావరకు నెట్టుకు రావచ్చు. పిల్లల వైద్యులకు పగటి ఓపీ నిండుగా ఉంటుంది గానీ, పుట్టిన బిడ్డల విభాగంలో శిక్షణ పొందిన నర్సులు ఎంతమంది అన్నది వాళ్ల నిద్రను నిర్ణయిస్తుంది. గైనకాలజీ, సర్జరీ, ఆర్థోపెడిక్స్ వారు మత్తు వైద్యుడు లేని చోటికి వెళ్తే రెండేళ్లలో చేతి నైపుణ్యం తగ్గుతుంది. మత్తు వైద్యుడిగా వెళ్లేవారి బాధ ఇంకోటి: ఒక్కరే ఉంటే 365 రాత్రులూ వారివే. రేడియాలజిస్టుల గురించి ఎక్కువ చెప్పను, సీహెచ్‌సీలో వారు దొరకడమే అరుదు. స్కానింగ్ యంత్రం ఉండి, చట్టప్రకారం అర్హత గలవారు లేక గది తాళం వేసి ఉండటం మాత్రం అరుదు కాదు.

రక్తం సంగతి విడిగా చెప్పాలి. సీహెచ్‌సీలో ఉండేది రక్తనిధి కాదు, రక్త నిల్వ కేంద్రం. ఒక మాతృ రక్తనిధి నుంచి పరీక్షలు ముగించిన యూనిట్లు తెచ్చుకుని, ఫ్రిజ్‌లో పెట్టుకుని, క్రాస్ మ్యాచింగ్ చేసి, అంటే రోగి రక్తంతో కలుస్తుందో లేదో చూసి ఎక్కిస్తారు. ఏడాదికి 2,000 యూనిట్ల లోపు వాడే ఇలాంటి కేంద్రాలకు రక్తనిధిలాగా విడిగా లైసెన్సు కూడా అక్కర్లేదు, అనుమతి ఉంటే చాలు. చూడటానికి చిన్న ఏర్పాటు. కానీ దానికి నిరంతర విద్యుత్తు కావాలి, రాత్రి కూడా ల్యాబ్ టెక్నీషియన్ కావాలి, వారానికోసారి శ్రీకాకుళమో విజయనగరమో వెళ్లి యూనిట్లు తెచ్చేవారు కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేసినప్పుడు కరెంటు రోజుల తరబడి లేదు. అలాంటప్పుడు జనరేటరుకు డీజిలు ఎవరి జేబులోంచి వస్తుందన్న ప్రశ్న వైద్యశాస్త్రంలో ఎక్కడా ఉండదు. సీహెచ్‌సీ వైద్యుడి దినచర్యలో మాత్రం ఉంటుంది.

ఒక రాత్రి సంగతి దగ్గరగా చూపిస్తాను. పాతికేళ్ల లోపు అమ్మాయి, మొదటి కాన్పు ఆపరేషను, ఇది రెండోది, నెలలు నిండటానికి ఇంకా మూడు వారాలుంది. తల పగిలిపోతోందని, కళ్ల ముందు మిణుగురులు తిరుగుతున్నాయని సాయంత్రం నుంచి అంటుంటే పైత్యమనుకుని ఇంట్లో మజ్జిగ ఇచ్చారు. రాత్రి పదకొండుకు మా దగ్గరికి వచ్చేసరికి బీపీ 170/110, మూత్రంలో ఆల్బుమిన్, హిమోగ్లోబిన్ 7. ఆ వారం మత్తు వైద్యుడు సెలవులో ఉన్నారు, ఫ్రిజ్‌లో ఆ గ్రూపు రక్తం లేదు. భర్త చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లాడు, సంతకానికి అత్తగారే దిక్కు, ఆయనతో మాట్లాడటానికి ఫోను కలవడం లేదు. నేను చేయగలిగిందల్లా మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇవ్వడం, లాబెటలాల్‌తో బీపీ కాస్త దించడం, మూత్రానికి గొట్టం వేయడం, 108కి ఫోను చేయడం. అంబులెన్సు వచ్చేలోగా నర్సు నిమిషానికి ఎన్ని ఊపిర్లో లెక్కపెడుతుంటే నేను రిఫరల్ చీటీ రాశాను. ఏ మందు, ఎంత, ఏ టైముకు అన్నది పెద్ద అక్షరాలతో రాశాను, ఎందుకంటే అవతల చూసే పీజీకి తెల్లవారుజామున నా గొలుసు రాత చదివే ఓపిక ఉండదు. అత్తగారు నా చెయ్యి పట్టుకుని, "ఇసాపట్నం పంపెయ్యకమ్మా, అక్కడ మాకెవులున్నారు, ఏటి సేసినా నువ్వే సెయ్యి" అంటోంది. తల్లీ బిడ్డా బతికారు. పేరు మాత్రం పెద్దాసుపత్రికి వచ్చింది. మా ఊళ్లో నాకు మిగిలిన మాట, "ఆ డాక్టరమ్మ కేసు చూడలేక పంపేసింది."

పంపిన కేసును చేతకానితనంగా లెక్కగట్టే ఊరి అభిప్రాయాన్ని తట్టుకోగలరా అన్నది నేను కొత్తవారిని మొదట అడిగే ప్రశ్న. ఆ రాత్రి మెగ్నీషియం పడకుండా అంబులెన్సు ఎక్కి ఉంటే దారిలోనే మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉండేది. మూర్ఛ రాకపోవడం ఎవరి కంటికీ కనిపించదు. సీహెచ్‌సీ వైద్యంలో సగం ఇలా జరగకుండా ఆపినవే. వాటికి దండలు పడవు.

దూరాల లెక్క కూడా ఊరూరికీ మారుతుంది, మ్యాపు చూడకుండా ఒప్పుకోకూడదు. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం సుమారు 130 కిలోమీటర్లు, అక్కడి నుంచి విశాఖ కేజీహెచ్ మరో 110. అదే ఇచ్ఛాపురానికి ఒడిశాలోని బరంపురం 25 కిలోమీటర్ల దూరమే, అక్కడ ఎంకేసీజీ వైద్య కళాశాల ఉంది. అందుకే ఆ సరిహద్దు జనం రాష్ట్రం దాటి వెళ్లడానికి వెనకాడరు. విజయనగరం జిల్లాలో పరిస్థితి కొంత నయం: 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, నెల్లిమర్లలో మిమ్స్ ఎప్పటినుంచో ఉంది, విశాఖ 60 కిలోమీటర్లే. శ్రీకాకుళంలో రిమ్స్, రాగోలులో జెమ్స్ వైద్య కళాశాలలు ఉన్నాయి. పాతపట్నం నుంచి గానీ, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన కురుపాం, భద్రగిరి నుంచి గానీ బయలుదేరే అంబులెన్సుకు కిలోమీటర్ల కంటే ఘాట్ మలుపులు, వానాకాలపు గెడ్డలు (వాగులు) ముఖ్యం. పైన సహాయం ఎంత దూరంలో ఉందో, కింద మీరు తీసుకోవలసిన సాహసం అంత ఎక్కువ.

చాలామందికి చేరేదాకా తెలియని విషయం మరొకటి ఉంది. సీహెచ్‌సీలో మీ విభాగం గోడలు కరిగిపోతాయి. క్యాజువాల్టీ డ్యూటీ వంతులవారీగా అందరిదీ. నేను కాన్పుల డాక్టరునే అయినా, ఆ రాత్రి వంతు నాదైతే పురుగుల మందు తాగినవాడూ నాకే, పాము కరిచినవాడూ నాకే. ఒక కోతల కాలంలో తెల్లవారుజామున తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చారు. "రేతిరి బాగానే తొంగున్నాడమ్మా, లేస్తూనే కడుపు నొప్పంటన్నాడు, కళ్లిప్పట్లేదు" అంది తల్లి. కాటు గుర్తు లేదు, వాపు లేదు. కింద చాప మీద పడుకున్నాడా అని అడిగితే అవునంది. కట్లపాము అలాగే కరుస్తుంది, కాటు దగ్గర నొప్పి ఉండదు, రెప్పలు వాలిపోతాయి. రక్తపింజర కాటైతే రక్తం గడ్డకట్టదు కాబట్టి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తాం. ప్లాస్టిక్ గొట్టమైతే ఆ పరీక్ష దారి తప్పిస్తుంది. కట్లపాము విషయంలో ఆ పరీక్ష మామూలుగానే వస్తుంది, అక్కడ రెప్పలే సాక్ష్యం. పది వయల్స్ విరుగుడు ఎక్కిస్తూ, అడ్రినలిన్ సిరంజిలో నింపి పక్కన పెట్టుకుని, ఊపిరి తగ్గితే నొక్కడానికి ఆంబూ సంచీ చేతికిచ్చి ఒక నర్సును తోడిచ్చి పెద్దాసుపత్రికి పంపాం. ఇదంతా నేను పీజీలో చదవలేదు. హౌస్ సర్జన్సీలో విన్నది, వెళ్లిన మొదటి నెలలో మళ్లీ చదువుకున్నది. ఈ పని ఉత్సాహాన్నిస్తుందా, భయపెడుతుందా అన్నది మీరే మీ గురించి నిజాయతీగా చెప్పుకోవాలి. రెండూ తప్పు కాదు.

వైద్యం కాని పని కూడా ఉంది. కొట్లాటల గాయాల సర్టిఫికెట్లు, పోలీసు ఇంటిమేషన్లు, పోస్టుమార్టాలు, మూడేళ్ల కిందటి కేసులో సాక్ష్యానికి కోర్టు సమన్లు, వైకల్య ధ్రువపత్రాల కోసం పెట్టే సదరం శిబిరాలు, మంత్రిగారి పర్యటనకు వైద్య బృందం, ఆన్‌లైన్‌లో నింపవలసిన పట్టికలు. పీజీ చేసిన బోధనాసుపత్రిలో ఫోరెన్సిక్ విభాగం వారు చూసుకునే పని ఇక్కడ మీ సంతకంతో పోతుంది. సూపరింటెండెంటు బాధ్యత సీనియారిటీని బట్టి మీద పడితే, ఫినాయిల్ కొటేషన్ల నుంచి సెక్యూరిటీ గార్డు జీతం దాకా మీవే. కొందరికి ఇదే నచ్చుతుంది. నాకు నచ్చలేదు, తప్పించుకోలేకపోయాను.

మరి ఏళ్ల తరబడి ఎందుకు ఉన్నావంటే, పెద్దాసుపత్రిలో దొరకనిది అక్కడ ఒకటి దొరికింది: ఒకే మనిషిని పదేళ్లు చూడటం. ఉద్దానంలో దీని విలువ బాగా తెలుస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో షుగరు గానీ చెప్పుకోదగ్గ బీపీ గానీ లేనివారికి కూడా కిడ్నీలు మెల్లగా దెబ్బతింటాయి. నీటిలో లోపమా, ఎండలో పనా, మరొకటా అన్నది ఏళ్ల పరిశోధనల తర్వాత కూడా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, డయాలసిస్ కోసం విశాఖ దాకా పోవలసిన దుస్థితి తగ్గింది. కానీ డయాలసిస్ దశకు ముందు ఏళ్లు గడుస్తాయి. ఆ ఏళ్లలో జబ్బుకు పెద్దగా లక్షణాలుండవు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె ఒక్కటే పాకుతూ ఉంటుంది. దాన్ని పట్టుకోగలిగినది పరిశోధన కేంద్రం కాదు, ఆరు నెలలకోసారి అదే మనిషి అదే చీటీ పట్టుకుని వచ్చే సీహెచ్‌సీ ఓపీ. కొబ్బరి తోటలో, జీడి తోటలో పని చేసి ఒళ్లు నొప్పులంటే ఊళ్లో ఆర్‌ఎంపీ నొప్పి సూది వేస్తాడు. ఆ సూదులు అరిగిపోతున్న కిడ్నీని ఇంకా తొందరగా అరగదీస్తాయి. "సూది వద్దు" అన్నమాట ఒకసారి చెబితే ఎవరూ వినరు. మా ఫిజీషియను నాలుగో ఏట చెప్పినప్పుడు విన్నారు, ఎందుకంటే అప్పటికి ఆయన ఆ ఊరివాడైపోయాడు. చివరికి ఆయనే ఆర్‌ఎంపీలను పిలిచి టీ ఇచ్చి, ఏ మాత్రలు ఫర్వాలేదో కాగితం మీద రాసిచ్చాడు. నిబంధనల ప్రకారం అది సరైన పనో కాదో గానీ, సూదులు తగ్గాయి.

డబ్బు సంగతి దాచుకోనక్కర్లేదు. 2022 వేతన సవరణ ప్రకారం సివిల్ అసిస్టెంట్ సర్జన్ స్పెషలిస్టు స్కేలు 61,960 నుంచి 1,51,370 వరకు, దానిపై కరువు భత్యం, అద్దె భత్యం. విశాఖలోని కార్పొరేటు ఆసుపత్రిలో ఆపరేషన్లు చేసే విభాగాలవారికి ఇది తక్కువగానే కనిపిస్తుంది. రెగ్యులర్ పోస్టా, కాంట్రాక్టా అన్న తేడా జీతం అంకె కంటే పెద్దది. కాంట్రాక్టులో నెలజీతం ఒక్కోసారి ఎక్కువగా ఉన్నా సీనియారిటీ, సెలవులు, పదోన్నతి ఉండవు. 2004 సెప్టెంబరు నుంచి చేరిన రాష్ట్ర ఉద్యోగులకు పాత పింఛను పద్ధతి వర్తించదన్నదీ గుర్తుంచుకోవాలి. ప్రైవేటు ప్రాక్టీసు మీద ఆశ పెట్టుకుని లెక్కలు వేసుకునేవారు నియామక ఉత్తర్వులోని షరతులు పంక్తి పంక్తీ చదవాలి, పక్క ఊరి డాక్టరు చేస్తున్నాడన్నది ఆధారం కాదు.

ఎంబీబీఎస్‌తో ఆగి ఆలోచిస్తున్నవారి లెక్క పూర్తిగా వేరు. వారికి ముందున్న దారి ఎక్కువగా పీహెచ్‌సీ, దాని వెనక పీజీ ఇన్‌సర్వీస్ కోటా (సర్వీసులో ఉన్న వైద్యులకు పీజీ సీట్లలో వాటా) మీద ఆశ. రాష్ట్రాలు ఇలాంటి కోటా ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఆగస్టులో స్పష్టం చేసింది. ఎంత ఇవ్వాలన్నది మాత్రం ప్రభుత్వాల చేతిలో ఉంది. 2024లో మన రాష్ట్రం క్లినికల్ విభాగాల్లో 30 శాతంగా ఉన్న కోటాను 15కు తగ్గించినప్పుడు పీహెచ్‌సీ వైద్యులు ఆందోళనకు దిగితే, తర్వాత కొంత పెంచింది. అంటే మీరు చేరిన రోజున ఉన్న నిబంధన మీరు అర్హత సాధించే రోజుకు ఉంటుందని హామీ లేదు. కోటా కోసమే పల్లెకు వెళ్లేవారు ఈ ప్రమాదాన్ని లెక్కలో వేసుకోవాలి. ఒక మంచి మార్పు ఏమిటంటే, ఇప్పుడు పీజీ విద్యార్థులందరూ మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పనిచేయాలి. ఆ మూడు నెలలను హాజరు కోసం గడిపేయకుండా కళ్లు తెరిచి చూస్తే, చేరాలా వద్దా అన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

కేసుల భయం గురించి రెండు మాటలు చాలు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి సేవలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి రావని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. క్రిమినల్ కేసు నిలవాలంటే మామూలు పొరపాటు చాలదని, నిర్లక్ష్యం తీవ్రమైనదై ఉండాలని 2005లో చెప్పింది. ఆసుపత్రుల మీద దాడులకు 2008 నుంచి రాష్ట్రంలో ప్రత్యేక చట్టం ఉంది. చట్టాలు ఉన్నా, అర్ధరాత్రి నలభై మంది బంధువులు గుమిగూడినప్పుడు కాపాడేది కేసు షీటులో టైముతో సహా రాసిన నోట్సు, ముందే చెప్పిన నిజం, అప్పటికప్పుడు ఫోను ఎత్తే ఎస్సై. మూడోది ఆ ఊళ్లో ఉందో లేదో వెళ్లి కనుక్కోవచ్చు.

ఇక కుటుంబం. మా ప్రాంతంలో సగం మంది ఉద్యోగుల జీవితం రైలు పట్టాల మీద నడుస్తుంది. శ్రీకాకుళం పట్టణానికి స్టేషను లేదు, శ్రీకాకుళం రోడ్ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. చీపురుపల్లి, పొందూరు, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ లైను మీది ఊళ్లే కాబట్టి, పిల్లల చదువు కోసం విజయనగరంలోనో విశాఖలోనో కాపురం పెట్టి రోజూ వచ్చి పోవడం మామూలైపోయింది. దాన్ని నేను తప్పుపట్టను, పిల్లలను హాస్టల్లో వేసి నేనూ కొన్నాళ్లు అలాగే తిరిగాను. కానీ రోగులకు మీ బండి టైము మీకంటే బాగా తెలుస్తుంది. "డాక్టరుగారి బండి నాలుగున్నరకి" అని ఓపీ దగ్గర చీటీలు రాసేవాడే చెప్పేస్తాడు, ఆ తర్వాత నొప్పులొచ్చిన గర్భిణి మీ ఆసుపత్రి మీదుగానే ఆటోలో పట్నం వెళ్లిపోతుంది. నివాసం ఊళ్లో ఉన్న వైద్యురాలికి, బండెక్కే వైద్యురాలికి ఒకే ఉద్యోగం, ఒకే జీతం. వారు చేసే వైద్యం మాత్రం ఒకటి కాదు. క్వార్టర్స్ ఉన్నాయా, ఉంటే వాటిలో ఎవరైనా నివసిస్తున్నారా అన్నది చూడండి. తాళాలు వేసి, వాకిట్లో పిచ్చిమొక్కలు మొలిచిన క్వార్టర్లు ఆ ఆసుపత్రి రాత్రుల గురించి చెప్పకనే చెబుతాయి.

ఆప్షన్ పెట్టేముందు ఆ ఊరికి ఒకసారి వెళ్లండి. పగలు వెళ్తే సూపరింటెండెంటు గది, కొత్తగా వేసిన రంగులు, గోడ మీద పథకాల బొమ్మలు కనిపిస్తాయి. అందుకని రాత్రి ఎనిమిది దాటాక, ఎవరికీ చెప్పకుండా వెళ్లి క్యాజువాల్టీ బయట బల్ల మీద కాసేపు కూర్చోండి. ఎవరు వస్తున్నారు, ఎంతసేపటికి ఎవరు చూస్తున్నారు, ఎంతమందిని 108 ఎక్కిస్తున్నారు, గంటలో తెలిసిపోతుంది. తర్వాత డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సుకు మీరెవరో చెప్పి, ఆపరేషన్ థియేటర్ రిజిస్టరు చూపించమనండి. రాత్రి పది తర్వాత జరిగిన ఆఖరి సిజేరియన్ తేదీ వెతకండి. అది పోయిన వారానిదైతే మత్తు వైద్యుడి పేరు ఆ వరసలోనే రాసి ఉంటుంది, మర్నాడు ఆయనతో మాట్లాడండి. తేదీ దొరకక ఆవిడ పాత రిజిస్టరు కోసం బీరువా తాళాలు వెతుకుతుంటే, ఫర్వాలేదమ్మా అని చెప్పి వచ్చేయండి.